గద్ద తెచ్చిన నాలుగు డిగ్రీలు

దొంగని విచారించడం తేలిక. మరిదిని విచారించడమే కష్టం. దొంగ మధ్యలో లేచి, "వదినా, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడగడు.

"నేను తిన్న సంగతి తర్వాత. నువ్వు ఎవరి దగ్గరైనా ఏమైనా తిన్నావా, అది చెప్పు," అంది వదిన, స్టూలు అతని ఎదురుగా లాక్కుని కూర్చుంటూ.

"వదినా!"

"అడగాలి కదా నాయనా. నేను అడక్కపోతే బీమా కంపెనీ తరఫున మా బావ అడుగుతాడు. ఆయన అడిగే పద్ధతి నువ్వు తట్టుకోలేవు."

నిజానికి ఆమెని వదినా అని పిలిచే హక్కు లోకంలో ఇతనొక్కడికే ఉండాలి. ఆమె కాపురానికొచ్చిన నాటికి ఇతనికి పదేళ్ళు. లెక్కల హోంవర్కు దగ్గర్నుంచి లెక్చరర్ల మీద ఫిర్యాదుల దాకా అన్నీ ఆమె కొంగు పట్టుకునే చెప్పుకున్నాడు. ఆమె డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన కొత్తలో వచ్చి, నలుగురు క్లయింట్లు కూర్చుని ఉండగా గుమ్మంలోంచి "వదినా" అని కేకేశాడు. అంతే. ఆ పేరు అంటుకుపోయింది. బోర్డు మీద ఏం రాసున్నా, ఊరందరికీ ఆమె డిటెక్టివ్ వదినే అయింది. ఎప్పుడైనా తలుచుకుని విసుక్కుంటుంది కానీ, ఆ విసుగులో పస ఉండదు.

వాళ్ళు కూర్చున్నది అతని కళ్ళద్దాల షాపు వెనకగదిలో. అద్దాలు అరగదీసే యంత్రం ఒక మూల, కంప్యూటరు ఇంకో మూల. పగలంతా జనానికి అద్దాలు బిగించి, సాయంత్రాలు ఇక్కడే కూర్చుని ప్రోగ్రాములు రాయడం అతని సరదా. ఆ సరదాల్లో ఒకటి ఇవాళ మెడకి చుట్టుకుంది.

"మొదట్నుంచీ చెప్పు. నాకేమీ తెలీదనుకుని చెప్పు."

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. మా బావకి తెలీదు. ఆయన ముందు నాకు ఈ మాటలే కావాలి."

మరిది చేతిలో ఉన్న ఫ్రేముకి మర బిగించబోయి జారవిడుచుకున్నాడు. వెతకలేదు కూడా.

"ప్రోగ్రాం రాసినవాళ్ళు దాన్ని వాళ్ళ పేజీలో అందరికీ పెడతారు వదినా. అయితే ఒక్క ఫైలు కాదు. ఒకే ప్రోగ్రాం, పది రకాల యంత్రాలకి పది ఫైళ్ళు. నా షాపుకొచ్చే అందరికీ కావలసింది చూపే. అలాగని అందరికీ ఒకే పవర్ అద్దాలు ఇస్తే బయటికెళ్ళి స్తంభానికి గుద్దుకుంటారు. ఆ పేజీలో ఏది తనదో తెలుసుకుని, దించుకుని, మూట విప్పి, సరైన చోట పెట్టుకోవడం పెద్ద తలనొప్పి. అందుకే గద్దని రాశాను. నల్ల తెర మీద 'గద్ద' అని కొట్టి, పక్కన ప్రోగ్రాం పేరు కొట్టడమే. బొమ్మల్లేవు, బటన్లు లేవు. అది వెళ్ళి, నీ యంత్రం ఏ రకమో చూసి, దానికి సరిపోయే ఫైలు తన్నుకొచ్చి నీ ముందు పెడుతుంది."

"దారిలో దాన్ని ఏమైనా మారుస్తుందా?"

"గద్ద కోడిపిల్లని తన్నుకొస్తుంది గానీ దారిలో దానికి రంగెయ్యదు." నవ్వబోయాడు, కుదరలేదు. "ప్రతి ఫైలుకీ అంకెలూ అక్షరాలూ కలిసిన, వేలిముద్ర లాంటి పొడుగాటి గుర్తు ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మొత్తం మారిపోతుంది. రాసినవాళ్ళు ఫైలు పక్కనే దాని ముద్ర కూడా పెడతారు. గద్ద తను తెచ్చినదాని ముద్ర తీసి దాంతో పోలుస్తుంది. కలవకపోతే ఫైలు అక్కడే పారేసి అరుస్తుంది. మందుల గోదాములో అరవలేదు."

మందుల గోదాము సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. అక్కడి చల్లగదిని కనిపెట్టుకుని ఉండేది 'కాపలా' అనే ప్రోగ్రాం. గది వేడెక్కితే అలారం మోగించడం దాని పని. గోదాము వాళ్ళు గద్దకి చెప్పి కాపలా కొత్త ఫైలు తెప్పించుకున్నారు. ఆ తర్వాత ఒక రాత్రి చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. తెర మాత్రం నాలుగు డిగ్రీలే చూపిస్తూ కూర్చుంది. గదిలో ఉన్న మందులన్నీ పాడయ్యాయి. అదృష్టం కొద్దీ ఒక్కటీ రోగుల దాకా వెళ్ళలేదు.

"ఆ కాపలా రాసింది ఎవరు?"

"మంచుతాత. అసలు పేరు ఎవరికీ తెలీదు, పేజీలో అదే ఉంటుంది. మహా కోపిష్టి. ప్రోగ్రాం ఊరికే అలారం మోగిస్తోందని ఎవరో రాస్తే, 'తీసిన తలుపు వెయ్యడం నేర్చుకో, అదే ఆగుతుంది' అని జవాబిచ్చాడు. కానీ మనసు మంచిది వదినా. పాత యంత్రాలకి ఇప్పుడు ఎవరూ ఫైళ్ళు ఇవ్వరు. అవి వాడేవాళ్ళు అడిగారని వాళ్ళ కోసం విడిగా ఒకటి తన చేత్తో కట్టి పెడతాడు."

తీసిన తలుపు వెయ్యడం నేర్చుకో. ఆ మాట వదిన ఎక్కడో విన్నది. ఎవరి గొంతులో విన్నదో మాత్రం తట్టలేదు.

"మీ బావగారు ఫోన్ చేశారు," అన్నాడు మరిది నెమ్మదిగా. "ఆరింటికి రిపోర్టు పంపుతారట. గద్ద పేజీ మూయిస్తారట. నన్ను కారు వెనకసీట్లో కూర్చోబెట్టుకుని స్టేషనుకి తీసుకెళ్తారట. పదిమందికీ పనికొస్తుందని రాశాను వదినా. దాంతో నేనే మందులు పాడుచేశానంటే..."

ఇరవయ్యేళ్ళ క్రితం లెక్కల పరీక్ష పోయినరోజు కూడా ముఖం ఇలాగే పెట్టాడు. వదినకి గుండె చెరువైంది. వంగి, కింద పడిన మర వెతికి తీసి, అతని అరచేతిలో పెట్టింది.

"షట్టరు దించు. నాతో రా. నిన్ను వెనకసీట్లో ఎవడు కూర్చోబెడతాడో నేనూ చూస్తాను."

గోదాము గుమ్మంలో బావ లవంగం నములుతూ నిలబడి ఉన్నాడు. వదినకి సొంత అక్క మొగుడు. పోలీసు ఉద్యోగం నుంచి దిగిపోయి, ఇప్పుడు బీమా కంపెనీ తరఫున నష్టాల మీద దర్యాప్తులు చేస్తున్నాడు. వేషం మారింది గానీ నడక మారలేదు.

"రావమ్మా మరదలా! కేసు ముగిశాక రావడం నీకు అలవాటేగా."

"మీరు ముగించిన కేసులు మళ్ళీ తెరవడం నా అలవాటు బావగారూ. మధ్యలో ఏదో ఒక పనుండాలిగా నాకు."

"ఈసారి తెరవడానికేం లేదు. ముద్దాయిని నువ్వే వెంటబెట్టుకుని వచ్చావు. సంతోషం." మరిది వైపు తిరిగాడు. "ఏం అబ్బాయ్, సంచీ సర్దుకున్నావా?"

"నమస్కారం అన్నయ్యగారూ," అన్నాడు మరిది. వెళ్ళేది స్టేషనుకైనా మర్యాద తప్పే మనిషి కాదు.

గోదాము ఇన్‌ఛార్జి లోపల్నుంచి టీ కప్పులతో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. స్వెట్టరు మోచేతుల దాకా మడిచి ఉంది, కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. బావ చెయ్యెత్తి ఆపాడు.

"చక్కెర లేకుండా తేమ్మా. నాలుగేళ్ళుగా ఒక్క పలుకు ముట్టుకోలేదు. మనిషికి నిగ్రహం ఉండాలి."

వదిన తన టీ కప్పు అందుకుంది. అక్క ఇంట్లో పడుకున్న రాత్రుల్లో ఆమె చెవిన చాలా పడ్డాయి. కానీ ప్రతిదానికీ ఒక సమయం ఉంటుంది.

చల్లగది తలుపు బారగా తెరిచి ఉంది. లోపల ఖాళీ అరలు. బయట గోడకి కాపలా ప్రోగ్రాం నడిచే అరచెయ్యంత కంప్యూటరు డబ్బా, పక్కన చిన్న తెర. డబ్బా చుట్టూ ఎర్ర టేపు, దాని మీద బావ సంతకంతో సీలు. తెర మాత్రం ఇంకా వెలుగుతోంది. నాలుగు డిగ్రీలు అంటోంది. వదిన చల్లగదిలోకి చెయ్యి చాచింది. గోరువెచ్చగా తగిలింది.

"పాడైన సంగతి ఎలా తెలిసిందమ్మా?" అని అడిగింది ఇన్‌ఛార్జిని.

"సోమవారం పొద్దున తలుపు తీసి అరలో చెయ్యి పెట్టానండీ. రోజూ చేతికి చురుక్కుమంటుంది. ఆరోజు అనలేదు. తెర చూస్తే నాలుగు. నా చెయ్యిని నమ్మనా, తెరని నమ్మనా? చివరికి చెయ్యినే నమ్మాను."

"మంచిపని చేశావు. కొత్త ఫైలు తెప్పించింది నువ్వేనా?"

"అదే తెచ్చుకుంటుందండీ. రోజూ సాయంత్రం ఆరింటికి గద్దని పంపమని మంచుతాత పేజీలోనే రాసి ఉంటుంది. గద్ద దానంతటదే వెళ్ళి, కొత్తది ఉంటే తెస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. కాపలా వాడేవాళ్ళందరం అలాగే పెట్టుకున్నాం."

"ఈ డబ్బా పాతదా?"

"బాగా పాతదండీ. మారుస్తామని అంటూనే ఉన్నారు."

వదిన తల ఊపింది. మరిది వైపు చూస్తే అతను కూడా డబ్బానే చూస్తున్నాడు.

బావ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, బల్ల మీద పరిచి, పోలీసు రోజుల్లోలాగా వేలితో టకటకా కొట్టాడు.

"ఇదిగో రుజువు. నేనూ కాలంతో పాటు నేర్చుకున్నాను మరదలా. పైది ఈ డబ్బాలో దొరికిన కాపలా ఫైలు వేలిముద్ర. కిందది నేను ఆఫీసులో నా కంప్యూటర్లో, మంచుతాత పేజీ నుంచి, నా చేత్తో దించుకున్న కాపలా వేలిముద్ర. రెండూ కలవట్లేదు. నా ఆఫీసులో అది లక్షణంగా పనిచేస్తోంది. ఏసీ కట్టేస్తే అంకె పెరుగుతోంది, వేస్తే తగ్గుతోంది. ఇక్కడ చచ్చినా నాలుగే. పాలు పోసినచోట చిక్కగా ఉండి, తాగేచోట నీళ్ళుగా ఉంటే, నీళ్ళు కలిపింది ఎవరు? మోసుకొచ్చినవాడు. అంటే గద్ద. అంటే ఇతను."

ఇన్‌ఛార్జి మరిదిని చూసి ఒకడుగు వెనక్కి వేసింది. అది చూసి అతను తల దించుకున్నాడు. వదినకి బావని చూస్తే ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"బావగారూ, మీ కళ్ళద్దాలు ఒకసారి ఇస్తారా?"

"ఎందుకు?"

"ఇవ్వండి, తినెయ్యను."

ఆయన అద్దాలు తీసి ఇచ్చాడు. వదిన తన అద్దాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి పెట్టుకుని ఆ కాగితం చదవండి."

బావ పెట్టుకున్నాడు, కాగితం దగ్గరికి లాక్కున్నాడు, దూరంగా జరిపాడు. "ఏం కనపడి చస్తుంది? ఇవి నీ పవర్."

"రెండూ కళ్ళద్దాలేగా?"

"నా కంటికి నావి, నీ కంటికి..." అని ఆగిపోయాడు బావ.

"అదీ. మీ ఆఫీసు కంప్యూటరు కొత్తది, పెద్దది. దానికి మంచుతాత ఇచ్చిన ఫైలు వేరు. ఈ పాత డబ్బాకి ఇచ్చింది వేరు. ప్రోగ్రాం ఒకటే, ఫైళ్ళు రెండు. వాటి వేలిముద్రలు కలవకపోవడం వింత కాదు, కలిస్తే వింత. మీరు మీ అద్దాల్లోంచి చూసి, ఇతని చూపు తప్పన్నారు." మరిది భుజం తట్టింది. "నాయనా, ఫోన్లో ఆ పేజీ తియ్యి. పాత డబ్బాలకి పెట్టిన ఫైలు పక్కన ఏ ముద్ర ఉందో పెద్దగా చదువు."

మరిది చదివాడు. మొదట నెమ్మదిగా, పోనుపోను గట్టిగా. బావ కాగితం మీద పై వరుసని వేలితో అనుసరించాడు. అంకె తర్వాత అంకె, అక్షరం తర్వాత అక్షరం. చివరికొచ్చేసరికి వేలు కాగితం అంచు మీద నిలబడిపోయింది.

"కలిసింది," అన్నాడు.

"మంచుతాత ఇల్లు వదిలినప్పుడు ఫైలు ఎలా ఉందో, ఇక్కడికొచ్చినప్పుడూ అలాగే ఉంది. గద్ద ఈక కూడా పీకలేదు. పాలు పోసినచోటే నీళ్ళు కలిశాయి బావగారూ. మీరు వేరే క్యాను రుచి చూసొచ్చారు."

ఇన్‌ఛార్జి వెళ్ళి మరిదికి టీ కప్పు అందించింది. ఆ ఒక్క కప్పుకే అతని కళ్ళు చెమర్చాయి.

బావ ఓడిపోయే రకం కాదు, చోటు మార్చే రకం. "సరే. అయితే మంచుతాతే ముద్దాయి. వాడికి ఇక్కడ మనిషి కూడా ఉన్నాడు. ఆ గీత చూడు. రాత్రిళ్ళు ఎవడో చల్లగది తలుపు తీస్తున్నాడు."

తెర మీద, నాలుగు అనే అంకెకి కింద, గడిచిన వారం రోజుల వేడి ఒక గీతగా సాగుతోంది. తలుపు తీసినప్పుడల్లా లోపలికి గాలి దూరి గీత, పైన అంకె మారనంత చిన్న గంతు ఒకటి వేస్తుంది, వేశాక మళ్ళీ పడుకుంటుంది. వదిన స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. గీతని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. బావ మూడో లవంగం నోట్లో వేసుకున్నాడు.

"ఆదివారం గోదాము తెరుస్తారా అమ్మా?"

"లేదండీ. తాళం నా దగ్గరే ఉంటుంది."

"కానీ గీత ఆదివారమే ఎక్కువ గంతులేసింది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆగకుండా. చుట్టాలొచ్చిన ఇంట్లోలాగా." వేలితో గీత వెంబడి నడిచింది. "ప్రతిరోజూ తెల్లవారుజామున ఒక చిన్న గంతు. అది పాలు. ఏడూ ఎనిమిదీ మధ్య మూడు నాలుగు. టిఫిను హడావుడి. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒకటి. తలుపు కొంచెంసేపు తెరిచే ఉంది, అంటే గిన్నె లోపలెక్కడో వెనక ఉంది. ఇది మందుల గోదాము గీత కాదు బావగారూ. ఇది ఒక సంసారం గీత. ఎవరి ఇంట్లోనో ఫ్రిజ్‌కి కాపలా పెట్టి ఒక వారం రాసుకుని, ప్రోగ్రాం పరీక్షించడానికి దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నారు. ఆ పరీక్ష ఫైలు పొరపాటున పేజీలోకెక్కింది. ఈ డబ్బా థర్మామీటరు వైపు చూడనే లేదు. ఎవరో ఇల్లాలి ఫ్రిజ్‌ని చూసి నాలుగు డిగ్రీలని చెబుతోంది."

"మరి ఆ రాత్రి పదకొండున్నర గంతో?"

వదిన స్టూలు మీద నుంచి తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. ఇందాక షాపులో తట్టని గొంతు ఇప్పుడు చెవిలో గంట కొట్టినట్టు వినపడింది.

"అది చాలా ముచ్చటైన గంతు. ఒకసారి తలుపు తీసి, వేశారు. నిమిషం ఆగి మళ్ళీ తీశారు. ఒకటి తిన్నాక ఇంకొకటి తినాలనిపించిన మనిషి. రోజూ అదే వేళ. పెళ్ళాం నిద్రపోయిందని నిర్ధారణ చేసుకునే వేళ. పోయిన నెల మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ అదే వేళకి నాకు మెలకువ వచ్చేది బావగారూ. టక్కుమని ఒకసారి. కాసేపాగి మళ్ళీ టక్కుమని ఒకసారి."

దొంగకి తేలు కుట్టినట్టు బావ లవంగం నమలడం ఆపేశాడు.

"ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు ల్యాబు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోలేని మనిషి. తీసిన తలుపు వెయ్యడం నేర్చుకో అని నన్ను చిన్నప్పట్నుంచీ తిట్టిన మనిషి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారు మీరు. మీ మంచుతాత మీ ఇంట్లోనే ఉంది."

ఎవరూ మాట్లాడకముందే వదిన ఫోన్ తీసి అక్కకి కలిపి స్పీకరు పెట్టింది.

"ఏమే, మీ బావ అక్కడే ఉన్నారా? మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారో లేదో అడుగు," అంది అక్క.

"అడుగుతాను మంచుతాతా."

అవతల గిన్నె ఏదో ఠంగుమంది. వదిన జరిగింది జరిగినట్టు చెప్పింది.

"పాత డబ్బాలకి చేత్తో కడతాను," అంది అక్క చివరికి. "పరీక్షకి కట్టినదాన్నే పెట్టేశానన్నమాట. ఎంతమంది తెచ్చుకున్నారో చూడు. ఫైలు పక్కనే అంకె ఉంటుంది."

మరిది ఫోన్ చూశాడు. "ఇరవై అక్కా. ఇక్కడిది పోగా పందొమ్మిది."

ఆ మాటతో గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. ఎక్కడెక్కడో ఇంకా పందొమ్మిది చల్లగదులు, ఈ క్షణాన, బావ తిన్న మిఠాయిల గీత చూసుకుని నిశ్చింతగా ఉన్నాయి.

"సరైన ఫైలు పెట్టు అక్కా. ఆరింటికి అందరి గద్దలూ వస్తాయి, తీసుకెళ్తాయి."

"దేంతో పెట్టనే? పాత డబ్బా ఫైలు పాత డబ్బా మీదే కట్టాలి. ఫ్రిజ్ మీద ఉండేది. పొద్దున్నుంచీ కనపడ్డం లేదు."

అందరూ బావ వైపు చూశారు. ఆయన నేల చూపులు చూశాడు.

"పాత సామాన్లవాడికి ఇచ్చేశాను," అన్నాడు. "రాత్రి ఫ్రిజ్ దగ్గరికి... నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా నా వైపు చూసి ఎర్రగా మిటకరిస్తోంది."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు," అని గొణిగింది వదిన. గోడ గడియారం చూస్తే అయిదు దాటి ఇరవై నిమిషాలు. చేతికందే దూరంలో అలాంటి డబ్బా ఒక్కటే ఉంది. గోడ మీద, ఎర్ర టేపు కింద, బావ సీలు వెనక.

"అది సాక్ష్యం," అన్నాడు బావ, ఎవరూ అడక్కముందే. "సీలు తెంపితే కోర్టులో నా కేసు నిలబడదు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేను వేసిన సీలు నేను తెంపలేదు."

"తెంపకండి. ఆరింటికి రిపోర్టు పంపండి. గద్దని మూయించండి. అక్క పెట్టిన తప్పు అక్క దిద్దుకోవడానికి ఉన్న ఒక్క దారీ అదే. అది కూడా మీ చేత్తోనే మూసెయ్యండి." వదిన మరిది భుజం మీద చెయ్యి వేసింది. "ఈ పిల్లాణ్ణి నేను పెంచాను బావగారూ. వీడి మీద నాకు పక్షపాతం ఉంది, కాదనను. మీకు మీ ఆవిడ మీద లేదా?"

ఫోన్లో అక్క సన్నగా ముక్కు ఎగబీల్చింది. ఆ చప్పుడు ఒక్కటి చాలింది. బావ ఇన్‌ఛార్జి వైపు చెయ్యి చాచాడు. "కత్తెర ఉందామ్మా?"

ఆయనే టేపు కత్తిరించాడు. సీలు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. స్టూలు తుడిచి మరిది ముందుకి జరిపాడు.

"కూర్చో నాయనా. ఏం కావాలో అడుగు."

మరిది కూర్చున్నాడు. మంచుతాత పేజీలో ప్రోగ్రాం రాత మొత్తం అందరికీ కనపడేటట్టే ఉంటుంది. దాన్ని దించాడు. అక్క ఫోన్లో ఒక్కో మెట్టూ చెబుతుంటే, అతను కొట్టి తిరిగి చదివి వినిపించాడు. డబ్బా ముసలిది. ఒక్కో ముక్కా నింపాదిగా కట్టింది. ఇన్‌ఛార్జి థర్మామీటరు తీగని పిడికిట్లో పట్టుకుంది. తెర మీద నాలుగు పోయి ఇరవై ఎనిమిది వచ్చింది. ఆ పైన ముప్ఫై. అలారం గోదాము దద్దరిల్లేలా మోగింది. ఆమె ఏడుస్తూ నవ్వింది.

ఫైలు అక్కకి వెళ్ళింది. ఆరింటికి కొన్ని నిమిషాల ముందు అక్క దాన్ని కొత్తగా పేజీలో పెట్టింది. పక్కన అంకె: సున్నా.

ఎవరూ కూర్చోలేదు. బావ రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి, చించి, టీ కప్పులో పడేశాడు. ఆరైంది. అంకె కదిలింది. రెండు, అయిదు, తొమ్మిది. ఎక్కడెక్కడి చీకటి గదుల్లోంచో గద్దలు వచ్చి ఎవరి ముక్క వాళ్ళు తన్నుకుపోతున్నాయి. మరిది పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

ఆ ఎదురుచూపులో బావ ఫోన్ స్పీకరు ఆపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గుసగుసగానే మాట్లాడాడు గానీ వదిన చెవులు డిటెక్టివ్ చెవులు.

"అసలు ఆ కాపలా మొదలుపెట్టింది ఎందుకు నువ్వు?"

అక్క చెప్పింది వినపడలేదు. బావ ముఖం మాత్రం చూడవలసిందే.

"రాత్రిళ్ళు నేను తింటున్నానేమోనని చూడ్డానికా? ఆ మిఠాయిల్లో చక్కెర లేదా? ఏడాదిన్నరగా? అయితే ఇన్నాళ్ళూ నేను దొంగిలించింది..."

అవతలి నుంచి జవాబు ఈసారి వదినకి కూడా స్పష్టంగా వినపడింది. "దొంగతనమేంటండీ. మీ కోసం చేసి పెట్టినవే. పగలిస్తే తినరుగా."

బావ అటు తిరిగి నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అవి వదినవి. మార్చుకోవడం ఇద్దరూ మర్చిపోయారు.

"పద్దెనిమిది," అన్నాడు మరిది. అందరూ తెర మీదికి వంగారు. గడియారం ముల్లు పావుకి చేరింది. అంకె పద్దెనిమిది దగ్గరే ఉండిపోయింది.

వదిన మళ్ళీ స్పీకరు పెట్టింది. "అక్కా, ఒకటి తక్కువైంది. ఎవరు?"

కాసేపు వెతికిన చప్పుడు. "పాత డబ్బాకి ఫైలు కావాలని రాసినవాళ్ళలో ఒకరికి నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆరింటికి లేకపోతే వాళ్ళ గద్ద ఎగరదు." అక్క గొంతు తగ్గింది. "వంతెన అవతలి పిల్లల టీకాల కేంద్రం అది. రేపు పొద్దున తెరవగానే సూదులు మొదలుపెడతారు. ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు."

మరిది ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పిడికిట్లో పట్టుకున్నాడు. గద్ద వెళ్ళలేని చోటికి గద్దని కన్నవాడే వెళ్ళాలి. వదిన అప్పటికే చెప్పులేసుకుంది.

బయట కారు దగ్గర మరిది అలవాటు లేని ఖైదీలాగా వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. బావ చుట్టూ తిరిగి వచ్చి, ఆ తలుపు వేసేసి, ముందు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ముందు కూర్చో అబ్బాయ్. దారి చూడాలి, నా కళ్ళకి ఏమీ కనపడ్డం లేదు."